జిల్లా ఆదాయంలో మా ఆరోగ్యానికి రావలసిన వాటా గురించి టేకుమట్ల మండల ప్రజల వినతిపత్రం

గౌరవనీయులైన జిల్లా కలెక్టర్ గారికి,
జయశంకర్ భూపాలపల్లి జిల్లా.

విషయం: జిల్లాలో పెరిగిన ఆదాయానికి తగినట్టుగా టేకుమట్ల మండల ప్రజల ఆరోగ్యం మెరుగుపడేందుకు తీసుకోవలసిన చర్యలు, ఖనిజ నిధిలో ఆరోగ్యానికి చెందవలసిన భాగం గురించి.



టేకుమట్ల మండలంలో పత్తి, వరి, మిర్చి పండించే రైతులం, ఆ చేలల్లో పనిచేసే కూలీలం, మహిళా సంఘాల సభ్యులం, చదువుకుంటున్న యువతీయువకులం కలిసి ఈ వినతిపత్రాన్ని ప్రజావాణిలో సమర్పిస్తున్నాం. 2016 అక్టోబరు 11న కొత్త జిల్లాలు, మండలాలు ఏర్పడినప్పుడు చిట్యాల మండలం నుంచి విడివడి మా మండలం ఏర్పడింది. కాగితం పట్టుకొని వరంగల్ దాకా పోవలసిన పనులు ఇప్పుడు భూపాలపల్లిలోనే తీరుతున్నాయి. ఆ మేలును మరవకుండానే, ఇంకా తీరవలసిన ఒక బాకీని తమ దృష్టికి తెస్తున్నాం.

మాది సంపద ఉన్న జిల్లా. భూపాలపల్లిలో సింగరేణి గనులున్నాయి. మల్హర్‌రావు మండలంలో తాడిచర్ల బొగ్గు గని ఉంది. చెల్పూరులో 1,100 మెగావాట్ల కాకతీయ థర్మల్ విద్యుత్ కేంద్రం ఉంది. జిల్లా తలసరి ఆదాయం లెక్కగట్టేటప్పుడు ఇక్కడ ఏర్పడిన విలువంతా జిల్లా ఖాతాలోనే పడుతుంది. కంపెనీల లాభం, బ్యాంకులకు కట్టే వడ్డీ, ఉద్యోగుల జీతాలు అన్నీ కలిపి జనాభాతో భాగిస్తే ఆ అంకె వస్తుంది. ఆ లాభం తర్వాత ఎక్కడికి వెళ్లింది, ఎవరి మీద ఖర్చయింది అన్నది అందులో కనిపించదు. గర్మిళ్లపల్లిలోనో వెలిశాలలోనో పత్తి ఏరే కూలీకి ఆ అంకెలో ఉన్న వాటా కాగితం మీదే ఉంటుంది. జ్వరం వచ్చిననాడు ఆమె చేతిలో ఎంత ఉందో ఆ అంకె చెప్పదు.

ఆదాయానికీ ఆరోగ్యానికీ సంబంధం లేదని మేము అనడం లేదు. కడుపునిండా తిండి, కురవని ఇల్లు, శుభ్రమైన నీళ్లు డబ్బుతోనే సమకూరుతాయి. అయితే ఆ సంబంధం ఎలాంటిదో ప్రపంచం చాలాకాలం కిందటే తేల్చుకుంది. 1975లో అమెరికా జనాభా శాస్త్రవేత్త శామ్యూల్ ప్రెస్టన్ అనేక దేశాల తలసరి ఆదాయాలను, సగటు ఆయుర్దాయాలను 1900, 1930, 1960 దశకాలకు పక్కపక్కన పెట్టి చూశారు. ఆయన చూపిన విషయాలు రెండు. పేద దేశాల్లో ఆదాయం కొద్దిగా పెరిగినా ఆయుర్దాయం చాలా పెరుగుతుంది, ధనిక దేశాల్లో ఎంత పెరిగినా కొద్దిగానే పెరుగుతుంది. ఇది మొదటిది. రెండోది మాకు మరింత ముఖ్యం. అదే ఆదాయంతో 1930లలో బతికిన వారికంటే 1960లలో బతికిన వారు ఎక్కువ కాలం బతికారు. ఆ మధ్యకాలంలో పెరిగిన ఆయుర్దాయంలో 75 నుంచి 90 శాతం దాకా దేశాల ఆదాయ వృద్ధితో నిమిత్తం లేని కారణాల వల్లనే వచ్చిందని ఆయన అంచనా వేశారు. టీకాలు, మలేరియా నియంత్రణ, మంచినీరు, రోగాల గురించిన తెలివిడి అలాంటివే. 1971లో బంగ్లాదేశ్ యుద్ధ సమయంలో బనగావ్ శరణార్థి శిబిరంలో కలరా ప్రబలినప్పుడు డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఉప్పు, గ్లూకోజు కలిపిన నీళ్లు తాగించి వేలమందిని బతికించారు. ఆ శిబిరంలో ఎవరి ఆదాయమూ పెరగలేదు. తెలిసిన వైద్యం ప్రతి మనిషికీ అందేలా ఒకరు ఏర్పాటు చేశారు, అంతే.

ఆ ఏర్పాటు ఉన్నచోట తక్కువ ఆదాయంతోనూ దీర్ఘాయుష్షు సాధ్యమైంది. కోస్టారికా తలసరి ఆదాయం అమెరికాతో పోలిస్తే చాలా తక్కువ, అక్కడి ఆయుర్దాయం మాత్రం అమెరికా కంటే ఎక్కువ. అమెరికా తన జాతీయాదాయంలో ఆరో వంతుకు మించి వైద్యానికే ఖర్చు చేసి కూడా వెనకబడింది. మన పొరుగున శ్రీలంక ప్రభుత్వాసుపత్రుల్లో ఉచిత వైద్యం మీద ఆధారపడి మన దేశం కంటే ఎంతో ముందుగా శిశు మరణాలను, బాలింత మరణాలను తగ్గించుకుంది. ఏర్పాటు లేనిచోట ఏమవుతుందో ఆఫ్రికాలోని ఈక్వటోరియల్ గినియా చూపుతుంది. 1990లలో చమురు దొరికాక ఆ ఖండంలోనే అత్యధిక తలసరి ఆదాయం గల దేశాల్లో ఒకటయింది. అయినా అక్కడి ఆయుర్దాయం ఇప్పటికీ 65 ఏళ్లకు చేరలేదు. భూమిలోంచి తీసిన సంపద తనంతట తాను ప్రజల ఒంట్లో సత్తువగా మారదు. బొగ్గు జిల్లాలో ఉంటున్న మేము ఈ ఉదాహరణను తేలికగా తీసుకోలేం.

మన రాష్ట్రం అనుభవమూ ఇదే చెబుతోంది. 2014-15లో సుమారు 1.24 లక్షల రూపాయలున్న తెలంగాణ తలసరి ఆదాయం 2024-25 నాటికి దాదాపు 3.8 లక్షలకు చేరిందని రాష్ట్ర ప్రభుత్వ లెక్క. అదే ఏడాది దేశ సగటు 2.05 లక్షలు. ఈ కాలంలో జరిగిన మంచిని ముందు చెబుతాం. ప్రతి వెయ్యి జననాలకు 2014లో 35గా ఉన్న శిశు మరణాలు 2020 నాటికి 21కి తగ్గాయి. లక్ష సజీవ జననాలకు బాలింత మరణాలు 2018-20లో 43, దేశ సగటు 97. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ప్రభుత్వాసుపత్రుల్లో జరిగే కాన్పులు నాలుగో సర్వే నాటికి 30.5 శాతం, ఐదో సర్వే నాటికి 49.7 శాతం. ఏఎన్ఎంలు, ఆశా కార్యకర్తలు గడప గడపకూ తిరిగారు, 102 నంబరు వాహనాలు గర్భిణులను దవాఖానకు తీసుకుపోయాయి, కాన్పు తర్వాత తల్లికి డబ్బు, కిట్టు అందాయి. ఏర్పాటు జరిగింది, ఫలితం వచ్చింది.

అవే సర్వేల్లో ఇంకో వైపు ఉంది. అయిదేళ్లలోపు పిల్లల్లో వయసుకు తగ్గ ఎత్తు లేనివారు 28 శాతం నుంచి 33.1 శాతానికి పెరిగారు. పిల్లల్లో రక్తహీనత 60.7 నుంచి 70 శాతానికి చేరింది. 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో నూటికి 57.6 మందికి రక్తం తక్కువే. దీన్ని కరోనాకు ఆపాదించడానికి వీల్లేదు, ఎందుకంటే మన రాష్ట్రంలో ఐదో సర్వే 2019లోనే ముగిసింది. రాష్ట్రం ధనికమవుతున్న ఆ ఏళ్లలోనే పిల్లల ఎదుగుదల వెనక్కి పోయింది. తలసరి ఆదాయంలో మనకంటే వెనక ఉన్న కేరళలో పిల్లల రక్తహీనత 39.4 శాతం. అక్కడి ఆయుర్దాయం 75 ఏళ్ల దగ్గర ఉంటే మనది 70 దగ్గర, అంటే దేశ సగటుతో సమానంగా, ఆగింది. మరోపక్క ఐదో సర్వే నాటికి మన రాష్ట్రంలో నూటికి 60.7 కాన్పులు కోతతోనే జరిగాయి, దేశంలో అప్పటికి అదే అత్యధికం. చేతిలో ఆడే డబ్బు ఎక్కువైనప్పుడు వైద్యం ఖర్చు పెరగవచ్చు, ఆరోగ్యం పెరుగుతుందన్న హామీ లేదు.

ఈ జిల్లా పేరు ప్రొఫెసర్ జయశంకర్ గారిది. ఆయన అర్థశాస్త్రవేత్త. తెలంగాణలో వసూలైన రాబడి ఎంత, తెలంగాణలో ఖర్చయినది ఎంత అని జీవితమంతా లెక్క అడిగారు. 1969లో మిగులు నిధులు తేల్చడానికి కుమార్ లలిత్ కమిటీ, తర్వాత జస్టిస్ భార్గవ కమిటీ ఏర్పడ్డాయంటే ఈ ప్రాంత ప్రజలు ఆ ప్రశ్నను వదలకపోవడమే కారణం. రాష్ట్రం కోసం ఆయన అడిగిన లెక్కనే ఆయన పేరున్న జిల్లాలో మేము మా ఊళ్ల కోసం అడుగుతున్నాం. ఇక్కడ పుట్టిన రాబడిలో ఇక్కడి మనుషుల ఆరోగ్యం మీద ఖర్చయినది ఎంత?

2021-22లో దేశంలో జరిగిన మొత్తం వైద్య వ్యయంలో 39.4 శాతం ప్రజలు తమ జేబుల్లోంచి పెట్టుకున్నదేనని కేంద్ర ప్రభుత్వ ఆరోగ్య ఖాతాలు చెబుతున్నాయి. పల్లెల్లో దాని అర్థం మాకు బాగా తెలుసు. ముందు ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర సూది, తర్వాత హనుమకొండలో పరీక్షలు, ఆ తర్వాత మిత్తికి తెచ్చిన అప్పు. ఆరోగ్యశ్రీ పరిమితిని 2023 డిసెంబరులో 10 లక్షలకు పెంచడాన్ని స్వాగతిస్తున్నాం. పెద్ద ఆపరేషన్లకు అది అండ. కానీ ఇల్లు గుల్ల చేసేది ఎక్కువగా నెలనెలా కొనే బీపీ, షుగర్ మందులు, స్కానింగులు, పోయి వచ్చే కిరాయిలు. వీటికి ఆరోగ్యశ్రీ కార్డు పనిచేయదు, దగ్గరలో ఉన్న ప్రభుత్వ దవాఖానే పనిచేయాలి.

పై కారణాల వల్ల ఈ కింది డిమాండ్లను తమ ముందు ఉంచుతున్నాం.

ఒకటి. మండల ఆరోగ్య లెక్కను ఏటా ప్రకటించాలి. జిల్లాకు ఆదాయ లెక్క ఉన్నట్టే మండలానికి ఆరోగ్య లెక్క ఉండాలి. ఆ ఏడాది ఎందరు పుట్టారు, అందులో తక్కువ బరువుతో పుట్టినవారెందరు, ఏడాదిలోపు చనిపోయిన శిశువులెందరు, బాలింత మరణాలెన్ని, రక్తహీనత ఉన్న గర్భిణులెందరు, కోత కాన్పులెన్ని, బీపీ, షుగర్‌కు మందు వాడుతున్నవారెందరు అన్నది ఊరి వారీగా, పేర్లు లేకుండా, గ్రామసభలో చదివి వినిపించాలి. దీనికి కొత్త ఖర్చు లేదు. ఏఎన్ఎంల రిజిస్టర్లలో, అంగన్‌వాడీ టీచర్లు నెలనెలా తూచే పిల్లల బరువుల్లో, దవాఖాన కంప్యూటర్లలో ఈ సమాచారం ఇప్పటికే ఉంది. పైకి పోతున్న ఆ సమాచారం కిందికీ రావాలని అడుగుతున్నాం. దీనితోపాటు మరణాల నమోదును సరిచేయాలి. దేశంలో 2020లో నమోదైన మరణాల్లో డాక్టరు కారణం ధ్రువీకరించినవి 22.5 శాతమే. ఇంట్లో జరిగిన మరణాలకు ఆరోగ్య సిబ్బంది కుటుంబాన్ని అడిగి కారణం రాయాలి. గుండెపోటా, పక్షవాతమా, పురుగుమందా, పాము కాటా తెలియకుండా ఏ మందు ఎంత నిలువ ఉంచాలో ఎవరికీ తెలియదు. మిగిలిన డిమాండ్లన్నీ ఈ మొదటిదాని మీద ఆధారపడి ఉన్నాయి, కనుక దీన్ని ముందు పరిశీలించవలసిందిగా కోరుతున్నాం.

రెండు. ఖనిజ నిధిలో ఆరోగ్యానికి కేటాయించిన మొత్తాన్ని వెల్లడించాలి, మండలానికి రావలసిన భాగాన్ని నిర్ణయించాలి. గనులు, ఖనిజాల చట్టానికి 2015లో చేసిన సవరణ ద్వారా వచ్చిన 9బి సెక్షన్ ప్రకారం గనులున్న ప్రతి జిల్లాలో ఖనిజ ఫౌండేషన్ ట్రస్టు ఉంటుంది. 2015 జనవరి 12కు ముందున్న లీజులైతే రాయల్టీ మీద 30 శాతం, తర్వాత ఇచ్చినవైతే 10 శాతం ఈ ట్రస్టుకు జమ కావాలి. బొగ్గు మీద రాయల్టీ 14 శాతం. అంటే పాత లీజు గనిలో తీసిన ప్రతి వంద రూపాయల బొగ్గుకు 4 రూపాయల 20 పైసలు ఈ నిధికి రావాలి. 2024లో సవరించిన ప్రధానమంత్రి ఖనిజ క్షేత్ర కల్యాణ యోజన మార్గదర్శకాల ప్రకారం ఈ డబ్బులో కనీసం 70 శాతం తాగునీరు, ఆరోగ్యం, విద్య, స్త్రీ శిశు సంక్షేమం వంటి ప్రాధాన్య రంగాలకే వెచ్చించాలి. గనికి 15 కిలోమీటర్లలోపు ఊళ్లు ప్రత్యక్షంగా, 25 కిలోమీటర్లలోపు ఊళ్లు పరోక్షంగా ప్రభావితమైనవిగా లెక్కకు వస్తాయి. మా మండలంలో ఏ ఊరు ఏ గనికి ఎంత దూరంలో ఉందో సర్వే చేయించి పటం ప్రకటించాలి. మానేరు ఇసుక మీద వచ్చే రాబడిలో ఈ నిధికి చేరిన మొత్తాన్ని కూడా చూపాలి. దూరం కొలిచాక మా ఊళ్లలో కొన్నింటికి వాటా లేదని తేలితే ఆ మాటనూ ఒప్పుకుంటాం. కొలవకుండా లేదనడాన్ని మాత్రం ఒప్పుకోలేం.

మూడు. రక్తహీనతను, పిల్లల ఎదుగుదలను మండలంలో మొదటి పనిగా చేపట్టాలి. పరీక్ష, చికిత్స, అవగాహన కలిపి చేయాలని 2018లో మొదలైన అనీమియా ముక్త్ భారత్ కార్యక్రమం చెబుతోంది. బడి పిల్లలకు, కౌమార బాలికలకు, గర్భిణులకు వేలి రక్తపు పరీక్ష ఏడాదికి రెండుసార్లు జరగాలి. ఐరన్ మాత్రలు పంచడంతో ఆగకుండా, మింగారా, మింగితే ఒంటికి పడ్డాయా అని అడిగే మనిషి ఉండాలి. కడుపులో తిప్పుతుందని మాత్రలు మానేసే వారు ఎక్కువ. పత్తి ఏరే కాలంలో పొద్దున్నే చేనుకు పోయే తల్లి మధ్యాహ్నం అంగన్‌వాడీకి వచ్చి భోజనం చేయలేదు. 2015 నుంచి నడుస్తున్న ఆరోగ్యలక్ష్మి భోజనాన్ని, గుడ్డును, పాలను ఆ సీజనులో వారికి వీలైన వేళకు అందించే ఏర్పాటు చేయాలి. నులిపురుగుల మందు, మరుగుదొడ్డి, నల్లా నీళ్ల శుభ్రత కూడా ఈ పనిలో భాగమే, ఎందుకంటే మాటిమాటికీ విరేచనాలయ్యే పిల్లవాడికి తిన్నది ఒంటబట్టదు.

నాలుగు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రం, పల్లె దవాఖానాలు ప్రభుత్వమే పెట్టుకున్న ప్రమాణాల మేరకు ఉండాలి. మైదాన ప్రాంతంలో 5,000 మందికి ఒక ఉపకేంద్రం, 30,000 మందికి ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రం అన్నది జాతీయ ప్రమాణం. మా మండల జనాభాతో దాన్ని సరిచూసి తక్కువైతే మంజూరు చేయాలి. మంజూరైన పోస్టులెన్ని, భర్తీ అయినవెన్ని, ఆ రోజు డ్యూటీలో ఉన్న డాక్టరు, నర్సు ఎవరు, ఉన్న మందులేవి అన్నది గేటు దగ్గర బోర్డు మీద రాయాలి. పాము కాటు మందు, కుక్క కాటు టీకా, పురుగుమందు సోకినవారికి తొలి చికిత్స చేసే సామగ్రి వానాకాలం మొదలయ్యే నాటికే నిలువ ఉండాలి. బీపీ, షుగర్ మందులు నెలకు సరిపడా ఒకేసారి ఇవ్వాలి. రక్త నమూనాలు జిల్లా కేంద్రానికి పోయి ఫలితం రోగి ఫోనుకు ఎన్ని రోజుల్లో రావాలో గడువు పెట్టాలి. భూపాలపల్లిలో 2023 సెప్టెంబరులో ప్రభుత్వ వైద్య కళాశాల ప్రారంభమైంది. అక్కడి స్త్రీల వైద్యులు, పిల్లల వైద్యులు నెలకొకసారైనా మండలానికి వస్తే ఎందరికో వరంగల్ ఎంజీఎం ఆసుపత్రి ప్రయాణం తప్పుతుంది, విద్యార్థులకూ పల్లె రోగాలు పల్లెలోనే తెలుస్తాయి.

ఐదు. ఓడేడు, గర్మిళ్లపల్లి మధ్య మానేరు వంతెనను గడువు పెట్టి పూర్తి చేయించాలి. ఇది ఆరోగ్య విషయమా అని అడగవచ్చు. పెద్దపల్లి జిల్లా ముత్తారం మండలం నుంచి మా మండలానికి వేసిన ఈ వంతెన పని 2016లో మొదలైంది. పూర్తి కాకముందే 2024 ఏప్రిల్‌లో ఈదురుగాలికి గడ్డర్లు కూలాయి. ఏరు పారినన్నాళ్లు అవతలి ఒడ్డుకు పోవాలంటే చుట్టు తిరగాలి. నొప్పులు పడుతున్న గర్భిణికి, గుండె పట్టేసిన మనిషికి ఆ చుట్టు దూరమే ప్రమాదం. పని ఏ దశలో ఉందో, ఎప్పటికి ముగుస్తుందో రాతపూర్వకంగా తెలియజేయాలి. వంతెన పూర్తయ్యే దాకా వానాకాలంలో 108 వాహనం ఒకటి ఏటి ఇవతలి ఊళ్లకు దగ్గరగా నిలిపి ఉంచాలి.

ఆరు. రాష్ట్ర ప్రభుత్వానికి మా తరఫున సిఫారసు పంపాలి. రాష్ట్రాలు తమ బడ్జెట్‌లో 8 శాతానికి మించి ఆరోగ్యానికి వెచ్చించాలని 2017 జాతీయ ఆరోగ్య విధానం నిర్దేశించింది. ఆరోగ్య వ్యయంలో మూడింట రెండు వంతులు ప్రాథమిక వైద్యానికే పోవాలని ఆ విధానమూ, 15వ ఆర్థిక సంఘమూ చెప్పాయి. ఈ నిర్ణయం తమ చేతిలో లేదని తెలుసు. జిల్లా నుంచి సిఫారసు వెళితే దాని బరువు వేరు.

పై డిమాండ్లలో మొదటిది, నాలుగోదానిలో బోర్డులు, మందుల నిలువ, రెండోదానిలో దూరాల సర్వే తమ ఉత్తర్వుతోనే మొదలు కాగలవు. మిగిలినవి సమయం తీసుకుంటాయని ఒప్పుకుంటున్నాం. మా వంతు పనికి సిద్ధంగా ఉన్నాం. గ్రామసభలకు జనాన్ని రప్పించడం, రక్త పరీక్షలకు పిల్లలను తీసుకురావడం, ఐరన్ మాత్రలు మింగేలా చూడటం మహిళా సంఘాలు తమ మీద వేసుకుంటాయి. లెక్కలు రాసి పెట్టడానికి చదువుకున్న పిల్లలున్నారు.

ఈ వినతిపత్రం మీద తీసుకున్న చర్యలను 30 రోజుల్లోగా డిమాండు వారీగా రాతపూర్వకంగా తెలియజేయవలసిందిగా, జిల్లా వైద్య ఆరోగ్య అధికారి, మహిళా శిశు సంక్షేమ శాఖ, గనుల శాఖ అధికారుల సమక్షంలో మా ప్రతినిధులతో ఒక సమావేశం ఏర్పాటు చేయవలసిందిగా కోరుతున్నాం. ఏ డిమాండునైనా అంగీకరించలేకపోతే అందుకు కారణాన్ని కూడా తెలియజేయాలని మనవి.

ఇట్లు,
టేకుమట్ల మండల గ్రామాల ప్రజలు.

జతపరచినవి: ఊరి వారీగా సంతకాలు, వేలిముద్రలు.

ప్రతులు: రాష్ట్ర వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి; భూపాలపల్లి శాసనసభ్యుల వారికి; జిల్లా వైద్య ఆరోగ్య అధికారి గారికి; టేకుమట్ల మండల పరిషత్ అభివృద్ధి అధికారి గారికి.